ఓబళప్ప ముగింపు చీటీ

మా ఆసుపత్రి నేలమాళిగలో రెండు గదులు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి రోగుల పాత కేసు షీట్లు భద్రపరిచే గది. అందులో నేను ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. రెండోది టేప్ రూమ్. తలుపు మీద ఆ పేరే రాసి ఉన్నా అందరూ దాన్ని ఓబళప్ప గది అనేవారు. నా గదిలో కాగితాల వాసన, ఆయన గదిలో ఏసీ చలి. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆయన శాలువా తీసి కుర్చీ మీద వేసి, అన్నం క్యారియర్ పట్టుకుని నా గదికి వచ్చేవాడు. చలికి బిగుసుకున్న వేళ్లు నా కిటికీలోంచి పడే ఎండలో కాసేపు పెట్టుకుని, ఆ తర్వాతే మూత తీసేవాడు.

కన్నడ సీమలో బాగేపల్లి పక్కన పల్లె ఆయనది. దేవనహళ్ళి దారిలో మా ట్రస్టు ఆసుపత్రి కట్టేటప్పుడు ఇటుకలు మోయడానికి వచ్చాడు. కట్టడం పూర్తయ్యాక లిఫ్టు మనిషిగా ఉండిపోయాడు. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, రోజూ సాయంత్రం ఆరింటికి ఒక క్యాసెట్ తీసి ఇంకో క్యాసెట్ పెట్టే మనిషి కావాలన్నారు. చదువుకున్నవాళ్లెవరూ ఆ పనికి ముందుకు రాలేదు. లిఫ్టులో ఊరికే నిలబడి ఉంటాడు కదా అని ఓబళప్పను చూపించారు. క్యాసెట్ మార్చమన్నారు, మార్చాడు. నెల తిరిగేసరికి, మారుస్తున్నది ఎందుకో చెప్పమని అడిగాడు.

చెప్పినవాడు మహబూబ్ బాషా. ఆ మిషన్లు అమ్మిన కంపెనీ తరఫున మరమ్మతులకు వచ్చే కుర్రాడు. తర్వాత ఎస్పీ రోడ్డు కంప్యూటర్ల బజారులో సొంత దుకాణం పెట్టుకున్నాడు. బాషా నేర్పిన పాఠాన్ని ఓబళప్ప అన్నం తింటూ నాకు తిరిగి చెప్పేవాడు.

"డ్రైవర్ అంటే బండి నడిపేటోడు కాదమ్మా. కంప్యూటరు లోపల ఉండే దుబాసీ. ఈ టేపు మిషనుకు వచ్చేది నాలుగే మాటలు. ముందుకు పో, ఎనక్కి రా, చదువు, రాయి. కంప్యూటరుకేమో ఫైలు, ఫోల్డరు అని పెద్ద మాటలు. నడుమ దుబాసీ కూర్చుని ఆ మాట ఈడికి, ఈ మాట ఆడికి చెప్తాడు. నేను ఇంట్లో తెలుగు, బస్సులో కన్నడ, బాషాతో ఉర్దూ, డాక్టర్లతో ఎస్ మేడం నో మేడం. నాదీ ఆ పనే కదా!"

"మరి డిస్కు ఉండగా ఈ టేపెందుకు ఓబళప్పా?" అని ఒకసారి అడిగాను.

"డిస్కు పుస్తకం మాదిరి. ఏ పేజీ కావాలంటే ఆ పేజీ తెరవొచ్చు. టేపు చాప మాదిరి. నడుమ ఏముండాదో చూడాలంటే అంతదాకా పరవాల్సిందే. కానీ చుట్టి మూలన పెడితే ఇరవై ఏండ్లయినా పడుంటాదమ్మా. కరెంటు అడగదు, తిండి అడగదు."

ఆయనకొక అలవాటు ఉండేది. టేపు నిండాక, అన్నిటికన్నా చివర ఒక చిన్న ఫైలు రాసేవాడు. ఈ టేపులో ఏమేమి ఉన్నాయి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, పెట్టింది ఎవరు అని. దానికి ముగింపు చీటీ అని పేరు. అలా చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. "సినిమా అయిపోయినాక శుభం అని పడతాది కదమ్మా. అది పడకుంటే జనం ఇంకా ఏమన్నా ఉండాదేమో అని కూర్చోనే ఉంటారు" అనేవాడు. పైఅంతస్తు ఇంజినీర్లు వాటిని ఓబళప్ప శాసనాలని ఎగతాళి చేసేవారు. ఆయన కూడా నవ్వేవాడు.

రెండు వేల పదకొండు తర్వాత ఆ చీటీలు ఆగిపోయాయి. నేను గమనించలేదు. రెండు వేల పద్నాలుగులో సూపర్‌వైజర్ పదవి ఇస్తామంటే వద్దన్నాడు. వినయం అనుకున్నాను. టేపులు పాతబడ్డాయి, ఈమధ్యవన్నీ వేరే చోటికి ఎక్కించేశాం, ఆ పాత మిషన్ను తుక్కుకు వేయండి అని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు మాత్రం ఎన్నడూ లేనిది మేనేజరు గది ముందు గంటన్నర నిలబడి, దాన్ని ఉంచమని బతిమాలాడు. నెలకోసారి శుభ్రం చేసే క్యాసెట్ పెట్టి తిప్పేవాడు. పాత మిషను మీద ప్రేమ కాబోలు అనుకున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషి గురించి నేను అనుకున్నవన్నీ ఇలాంటివే.

రెండు వేల ఇరవై మూడు ఆగస్టులో ఒక తండ్రీ కూతురూ నా గదికి వచ్చారు. తండ్రి మునీంద్ర హొసకోటెలో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. కూతురు సుమకు ఇరవై అయిదేళ్లు, అక్కడే ఒక బడిలో ఒకటో తరగతి పిల్లలకు టీచరు.

"ఎనిమిదేండ్లప్పుడు మీ ఆసుపత్రిలోనే నాకు గుండు చేసినారు మేడం. తలలో గడ్డ అని రేడియేషన్ కరెంటు పెట్టినారు. ఇప్పుడు మెడ కింద ఇంకొకటి వచ్చి ఉండాది. పాత గిరాకీని కదా, చూసి చేయండి" అంది సుమ.

"నోరు మూసుకుంటావా నువ్వు?" అన్నాడు మునీంద్ర.

రేడియేషన్ డాక్టరు హేమలత ఇచ్చిన చీటీ వాళ్ల చేతిలో ఉంది. నేను పైకి వెళ్లి ఆమెనే అడిగాను. ఆమె నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఒకసారి కిరణాలు పడిన చోటు ఆ లెక్కను జన్మంతా మోస్తుంది. వెన్నుపాము ఇంతవరకే తట్టుకుంటుంది. అది దాటితే కాళ్లూ చేతులూ పడిపోతాయి. రెండు వేల ఆరులో ఏ కోణంలో, ఎంత మేర, వెన్ను మీద ఎక్కడిదాకా కిరణాలు పెట్టారో చూపే పటం కావాలి. అది ఉంటే ఈసారి ఆ చోటు తప్పించి పెట్టవచ్చు. లేకపోతే తను చెయ్యి వేయదు, మందులతో నెట్టుకు రావడమే. గడ్డ మూడు వారాలకు మించి ఆగేటట్టు లేదు.

సుమ కేసు షీటు దొరికింది. నంబరు నూట ముప్పై ఒకటి. మొత్తం ఎంత కిరణం ఇచ్చారో ఒక వాక్యం ఉంది. పటాలు మాత్రం రెండు వేల తొమ్మిదిలో నేలమాళిగలోకి వాన నీళ్లు వచ్చినప్పుడు ముద్దయిపోయిన కట్టల్లో పోయాయి. అవే పటాలు అప్పటి కంప్యూటర్‌లో ఉండేవి, అది ఎప్పుడో తుక్కుకు పోయింది. దాని నకలు మాత్రం టేపు మీదికి వెళ్లేది. నేను నడవ దాటి ఓబళప్ప గదిలోకి వెళ్లాను.

"రెండు వేల ఆరు, రేడియేషన్ పటాల టేపు కావాలి ఓబళప్పా. ఒక అమ్మాయి ప్రాణం దాని మీద ఉంది" అన్నాను.

అలమార వైపు వెళ్లలేదు ఆయన. తన బల్ల కింది సొరుగు తాళం తీసి, గుడ్డలో చుట్టిన క్యాసెట్ ఒకటి బయటికి తీసి నా ముందు పెట్టాడు.

"ఇదేనమ్మా. దీన్ని నేనే చెడగొట్టినాను."

నేను కూర్చున్నాను. ఆయన నిలబడే చెప్పాడు. రెండు వేల పదకొండులో టేపుల గది మారినప్పుడు పాత టేపులన్నీ చేతికి వచ్చాయి. తన అలవాటుకు ముందు కాలానివి, వాటికి ముగింపు చీటీలు లేవు. వాటికీ రాస్తే బాగుంటుంది కదా అనుకున్నాడు. చెరిగిపోకుండా క్యాసెట్‌కు ఉండే చిన్న గడియను తనే తెరిచాడు.

"దుబాసీకి రెండు వాకిండ్లు ఉంటాయమ్మా. ఒక వాకిట్లో నిలబడి పని చెప్తే, పని అయిన వెంటనే టేపును మొదటికి చుట్టేస్తాడు. ఇంకో వాకిట్లో చెప్తే ఎక్కడ ఉండాదో అక్కడనే నిలిపి పెడతాడు. రోజూ నేను రెండోదాంట్లోనే పోతాను. ఆ పొద్దు ముప్పై తొమ్మిది టేపులు అయినాయి. నలభయ్యోది ఇది. చెయ్యి మొదటి వాకిలి తట్టింది. టేపు చివరికి పొమ్మని చెప్పినాను, పోయింది. పని అయింది కదా అని దుబాసీ మొదటికి చుట్టేసినాడు. నేను చూసుకోలేదు. చీటీ రాయమని చెప్పినా."

"మొదట్లో రాశాడా?"

"తల మీద రాసినాడు. వాడి తప్పేమీ లేదు, చెప్పింది చెప్పినట్టు చేసినాడు. రాసినాక ఇంతటితో సమాప్తం అని గుర్తు పెట్టేస్తాడు. ఆ గుర్తు దాటి మిషను అడుగు పెట్టదు. లోపల మిగతాదంతా అట్లే ఉండాదమ్మా. చేతికి రాదు, అంతే."

"ఎవరికీ చెప్పలేదా?"

"లేదు." క్యాసెట్‌ను మళ్లీ గుడ్డలో చుట్టాడు. "ఈ పొద్దు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నా. ఎవరూ అడగలేదు. అడగనందుకు దేవుడికి దండం పెట్టుకున్నా కూడా. కానీ మిషన్ను మటుకు చావనీలేదమ్మా."

బాషాకు ఫోన్ చేశాం. మరుసటి ఉదయం స్కూటర్ మీద పాత క్యాసెట్లున్న రెండు సంచులతో వచ్చాడు. ఇప్పుడు గడ్డం తెల్లబడి, బొజ్జ వచ్చింది.

"ఏం ఓబళన్నా, పన్నెండేళ్లు గుడ్డు మీద కోడి కూర్చున్నట్టు కూర్చున్నావే. నాకన్నా చెప్పాలని లేదా?"

"నీకు చెప్తే నగుతావని."

"నగుతాను. నగి, రిపేరు చేస్తాను. దానికేముంది?"

దారి ఒకటి ఉందని బాషా చెప్పాడు. టేపు పనివాళ్ల మధ్య నోటి మాటగా తిరిగే ఉపాయం. ఆ సమాప్తం గుర్తు మీద ఏదో ఒకటి రాయడం మొదలుపెట్టాలి. రాత టేపు మీద పడుతుండగానే మిషన్‌కు కరెంటు పీకేయాలి. కొత్త సమాప్తం గుర్తు పెట్టే సమయం దానికి దొరకదు. పాత గుర్తు అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. అప్పుడు మిషను దాటి ముందుకు పోతుంది. కానీ రాసిన ప్రతి సెకనూ పాతదాన్ని మరికొంత తినేస్తుంది. కరెంటు పోయిన కుదుపుకు టేపు లోపల చిక్కుపడితే మొత్తం పోతుంది. ముంబైలో ఒక సంస్థ ఉంది, వాళ్లు జాగ్రత్తగా చేస్తారు, కాని ఎనిమిది వారాలు అడిగారు.

ఆ రోజంతా పనికిరాని టేపుల మీద ప్రయత్నించారు. మొదటిసారి తొందరపడి పీకారు. రాయాల్సింది ఇంకా దుబాసీ దగ్గరే పోగవుతూ ఉంది, టేపు మీద పడనే లేదు. రెండోది పనిచేసింది. మూడోది లోపల చిక్కుకుని కొరికేసినట్టు నలిగి బయటికి వచ్చింది. నాలుగు, అయిదు పనిచేశాయి. బాషా గడియారం పట్టి పీకాలన్నాడు. ఓబళప్ప చెవితో పీకాడు. పోగుచేసేటప్పుడు ఒక మోత, టేపు మీద పడేటప్పుడు ఒక సన్నటి ఈల అట. నాకు రెండూ ఒకటిగానే వినబడ్డాయి.

అయిదింటిలో మూడు. ఆ లెక్క తీసుకుని ఓబళప్ప తనే వాళ్ల దగ్గరికి వెళ్లాడు. నేను వెంట వెళ్లాను. క్యాంటీన్ బయట బెంచీ మీద కూర్చున్నారు. జరిగిందంతా, ఏదీ దాచకుండా చెప్పాడు.

మునీంద్ర లేచి నిలబడ్డాడు. "పన్నెండేండ్లు సొరుగులో పెట్టుకుని కూర్చున్నావా? జీతం తీసుకుంటా?"

"కూర్చున్నానప్పా."

"అప్పుడే చెప్పింటే ఎవరో ఒకరు సరి చేసిండరా?"

"చేసిందురేమో."

"సిగ్గు లేదా నీకు?"

"నాన్నా, సాలించు" అంది సుమ. "నువ్వు ఆ సేటు లారీకి తలుపు తలకిందులుగా అతికించి, రాత్రికి రాత్రే ఇంటికి పారిపోయి రాలేదా?"

"అది తలుపే! ఇది నువ్వు!" అటు తిరిగి నిలబడ్డాడు.

సుమ ఓబళప్ప వైపు తిరిగింది. ఆ పిల్ల చేతులు చున్నీ అంచును మడుస్తూ ఉన్నాయి. "అంకల్, చెడితే ఏమైతాది?"

"లోపల ఉండేది కూడా పోతాది పాపా."

"చేయకుంటే?"

"ఉంటాది. కానీ చేతికి రాదు."

"నా చేతికి రానిది ఉంటే ఏమి, పోతే ఏమి? చేయండి."

"మీ నాయన కూడా చెప్పాల" అన్నాడు ఓబళప్ప.

మునీంద్ర వెనక్కి తిరగకుండానే అన్నాడు. "చేయమను. నేను అక్కడనే నిలబడి చూస్తా."

మరునాడు ఉదయం పదకొండు గంటలు. చిన్న గదిలో బాషా కీబోర్డు ముందు, ఓబళప్ప నేల మీద గొంతుక్కూర్చుని, ప్లగ్గు మీద చెయ్యి. మునీంద్ర తలుపుకు ఆనుకుని ఉన్నాడు. సుమను నా గదిలో కూర్చోబెట్టాను. అక్కడ ఉండనంటూ మూడుసార్లు వచ్చి తొంగి చూసింది.

"ఓబళన్నా, రెడీనా?"

"మాట్లాడొద్దు సాయిబూ. ఇననీ."

బాషా ఒక మీట నొక్కాడు. మోత మొదలైంది. ఓబళప్ప కళ్లు మూసుకున్నాడు. నాకు చాలా సేపు అనిపించింది, నాలుగైదు సెకన్లు కూడా ఉండదేమో. ప్లగ్గు ఊడి వచ్చింది. మిషను దీపాలు ఆరిపోయాయి.

రెండు నిమిషాలు ఆగి మళ్లీ కరెంటు పెట్టారు. మిషను దగ్గినట్టు కదిలి, టేపును చుట్టుకోవడం మొదలుపెట్టింది. నలిగిన చప్పుడు రాలేదు. ఓబళప్ప ఈసారి తనే కీబోర్డు ముందుకు వచ్చి, టేపును నిలిపి ఉంచే వాకిలి పేరు కొట్టి, దాన్ని వేలితో ఒక్కో అక్షరం చూసుకున్నాడు. బాషా కూడా చూశాడు. నిలబడి ఉన్న మునీంద్ర కూడా వంగి చూశాడు, ఏమీ తెలియకపోయినా.

చదవమన్నారు. తప్పు అని వచ్చింది. ముందుకు జరిపి మళ్లీ చదవమన్నారు. మళ్లీ తప్పు.

"అయిపోయిందా?" అన్నాడు మునీంద్ర.

"లేదు భాయ్. సమాప్తం అనలేదు చూడు, చదవలేకున్నా అంటా ఉండాడు. అంటే గుర్తు దాటినాం. ఇది మనం చెడిపిన తావు. ఇంకా పోవాల" అన్నాడు బాషా.

ఏడో సారికి తెర మీద అంకెలు కదిలాయి. ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత ఆగకుండా. మొదలు చెరిగిపోయిన టేపులోంచి ఎక్కడ కొత్త ఫైలు మొదలవుతుందో వెతికి పట్టే ప్రోగ్రాము బాషా రాసుకొచ్చాడు. అది పేర్లు చూపడం మొదలుపెట్టింది. నాలుగో నంబరు రోగి. అయిదు. ఆరు. మొదటి ముగ్గురివి పోయాయి. సుమ నూట ముప్పై ఒకటి. అంతదాకా వరసగా రావాల్సిందే. దాటవేయడానికి లేదు. నడుమ ఎక్కడైనా టేపు తేమ పట్టి ఉంటే అక్కడే ఆగిపోవచ్చు. డెబ్బై రెండు దగ్గర ఒకసారి ఆగింది. మిషను వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. ఇంకోసారి వెళ్లింది. ఓబళప్ప దాని పైమూత మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు నిలబడ్డాడు. నాలుగోసారి దాటింది.

నలభై నిమిషాలు పట్టింది. నూట ముప్పై. నూట ముప్పై ఒకటి. దాని కింద రెండు ఫైళ్లు, తలది ఒకటి, వెన్నుది ఒకటి. సుమ అప్పటికి తండ్రి భుజం మీదుగా చూస్తూ ఉంది.

"అది నేనే" అంది. బాషా ముక్కు చీది, "చల్లగా ఉండాది ఈ రూము" అన్నాడు.

పాత పటాన్ని కొత్త కంప్యూటర్‌లో తెరవడానికి డాక్టరు హేమలతకు ఇంకో రోజున్నర పట్టింది. తెరిచాక మమ్మల్ని పిలిచి చూపించింది. నీలం గీత దగ్గర పాత కిరణాలు ఆగాయి. ఎర్ర చుక్క ఇప్పటి గడ్డ. రెంటి మధ్య రెండు వేళ్ల ఎడం ఉంది. "పక్కల నుంచి ఇస్తాను. ఇవ్వొచ్చు" అంది.

ఓబళప్ప ఆ మధ్యాహ్నమే మేనేజరుకు వివరణ రాసి, తీసుకెళ్లే ముందు నాకు చూపించాడు. కన్నడంలో ఒక పేజీ. తను చేసిన తప్పు, దాచిన ఏళ్లు, పోయిన ముగ్గురి నంబర్లు ఉన్నాయి. తిరిగి తీసిన సంగతి లేదు.

"అది కూడా రాయి ఓబళప్పా."

"అది బాషా బిల్లులో రాస్తాడులేమ్మా. నాదాంట్లో నాది ఉంటే చాలు."

ఆ ముగ్గురిలో ఇద్దరు ఎప్పుడో పోయారని నా రిజిస్టరులో ఉంది. మూడో ఆయన చిక్కబళ్ళాపురంలో ఉన్నాడు. ఆయన కేసు షీట్‌లో పటం లేదని, వెతకవద్దని నా చేత కాగితం పెట్టించి, ఆ ఆదివారం ఓబళప్ప బస్సెక్కి వెళ్లి ఆయనకే చెప్పి వచ్చాడు. మేనేజరు ఒక మెమో ఇచ్చాడు. అంతకు మించి ఏమీ చేయలేదు. డిసెంబరులో ఎలాగూ రిటైరు కావాలి.

మంగళవారం సుమకు మొదటి రోజు. పదకొండు నిమిషాలు లోపల ఉంది. మెడ మీద పెన్నుతో గీసిన గుర్తులతో బయటికి వచ్చింది. ఓబళప్ప ఒక చిన్న పెన్ డ్రైవ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీ పటాలు పాపా. పాతది, ఈ పొద్దుది, రెండూ ఉండాయి. ఆసుపత్రిలో రెండు తావుల పెట్టినా, రెండూ తిరిగి తెరిచి చూసినా. ఇది మూడోది, నీ దగ్గర ఉండనీ."

"నాకొద్దు అంకల్, నేను పారేసుకుంటా. మా బడి పిల్లోళ్లు అయితే నోట్లో పెట్టుకుంటారు. నాన్నకు ఇవ్వండి."

మునీంద్ర ఆ వారమంతా ఓబళప్పతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు చెయ్యి చాచాడు. మచ్చల చేతిలో అది గింజంత కనబడింది. తిప్పి చూశాడు.

"దీంట్లో ఉండేది పోదా?"

"పోవచ్చప్పా. ఏడాదికొకసారి తెరిచి చూడాల. చూడకుండా పెట్టుకుంటే ఉండాదని అనుకోవడమే, అంతే."

"నాకు తెరిచేది తెలీదే."

"నేను తెరిచి చూపిస్తా."

"రిటైరు అయితావంట కదా?"

"ఇల్లు దేవనహళ్ళిలోనే."

మునీంద్ర దాన్ని చొక్కా జేబులో వేసి గుండీ పెట్టుకున్నాడు. ఇంకో జేబులోంచి ఫోన్ తీసి, కళ్లకు దూరంగా పట్టుకున్నాడు.

"నంబరు చెప్పన్నా" అన్నాడు.